రిపోర్టులో ఆ ఒక్క లైను: హెర్2/న్యూ కథ

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలవుతుంది.

రెండేళ్ల క్రితం, రాత్రి పదిన్నర అయ్యుంటుంది. ఖమ్మంలో ఉండే మా పెద్దమ్మ వాళ్ల అబ్బాయి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. "తమ్ముడూ, నువ్వు బీటెక్ కదా, రిపోర్టంతా ఇంగ్లీషులో ఉంది, కాస్త చూసి చెప్పరా" అన్నాడు. అది పెద్దమ్మ రొమ్ములో గడ్డకి తీసిన బయాప్సీ రిపోర్టు. అందులో చివర్న ఒక లైను ఉంది. హెర్2/న్యూ: పాజిటివ్, 3 ప్లస్.

నేను అప్పటికి ఆఫీసులో కోడ్ రాసుకునేవాణ్ణి. బయాలజీ టెన్త్‌తోనే వదిలేశా. 3 ప్లస్ అని చూసి, మూడో స్టేజ్ అనుకున్నా. మూడు కూడా దాటేసిందేమో అనుకున్నా. గూగుల్ కూడా చెయ్యలేదు, అన్నయ్యకి అదే చెప్పేశా. ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. పెద్దమ్మ తన బంగారం ఎవరెవరికి ఇవ్వాలో లెక్క చెప్పడం మొదలుపెట్టింది.

మూడో రోజు డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన రిపోర్టు చూసి, "దీనికీ స్టేజికీ సంబంధం లేదమ్మా. గడ్డ కణాల మీద ఒక ప్రోటీన్ ఎంత ఎక్కువ ఉందో చెప్పే స్కోరు ఇది. సున్నా నుంచి 3 ప్లస్ దాకా ఉంటుంది. ఇది 3 ప్లస్ కాబట్టే మీకు పనిచేసే మందు ఒకటి ఉంది" అన్నారట. అన్నయ్య ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. నన్ను తిట్టలేదు కూడా. తిట్టుంటే బాగుండేది.

ఆ తర్వాత కూర్చుని చదవడం మొదలుపెట్టా. చదివిన కొద్దీ నాకు అర్థమైన విషయం ఏంటంటే, అదే లైను 1987లో ఎవరి రిపోర్టులోనైనా ఉండి ఉంటే అది నిజంగానే చెడ్డ వార్త. నేను చేసిన తప్పు అప్పట్లో తప్పు అయ్యేది కాదు. 1998 తర్వాత అదే లైను అర్థం మారిపోయింది. గడ్డ మారలేదు, ప్రోటీన్ మారలేదు. మరి ఏం మారింది? ఈ రోజు కథ అదే. ఒక చిన్న మాట, నేను డాక్టర్ని కాదు. ఇది వైద్య సలహా కాదు, చరిత్ర. మీ ఇంట్లో ఇలాంటి రిపోర్టు ఉంటే డాక్టరు గారినే అడగండి, నాలాంటి వాళ్లని కాదు.

ముందు బేసిక్స్, రెండు నిమిషాల్లో. మన ఒంట్లో కణాలు వాటంతట అవి పెరగవు. బయటి నుంచి "పెరుగు" అని ఒక మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ తెచ్చే చిన్న ప్రోటీన్‌ని గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు. ఆ మెసేజ్‌ని అందుకోవడానికి కణం గోడ మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. దాని పేరు రిసెప్టర్. ఇంటి కాలింగ్ బెల్ లాంటిది. స్విచ్ గోడ బయట ఉంటుంది, గంట లోపల మోగుతుంది, మధ్యలో గోడలోంచి వైరు వెళ్తుంది. రిసెప్టర్ కూడా అంతే: బయట ఒక భాగం, గోడలో ఒక ముక్క, లోపల ఒక భాగం. ఈ మూడు భాగాలూ గుర్తుపెట్టుకోండి, కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు ఇటలీ వెళ్దాం. టురిన్ నగరం. రీటా లెవీ మోంటాల్చీని, 1909లో పుట్టింది, డాక్టరు చదివింది. ఆమె యూదురాలు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకి వ్యతిరేకంగా చట్టాలు తెచ్చింది, యూనివర్సిటీలో పని పోయింది. ఆమె ఏం చేసిందంటే, తన బెడ్‌రూమ్‌నే ల్యాబ్ చేసుకుంది. కోడిగుడ్లు తెచ్చుకుని, వాటిలో పెరిగే పిండాల నరాలు ఎలా ఎదుగుతాయో చూసేది. యుద్ధం అయ్యాక అమెరికాలో సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్లింది. అక్కడ, కొన్ని ఎలుక ట్యూమర్ల నుంచి ఏదో పదార్థం బయటికొచ్చి నరాలని పెంచుతోందని గమనించింది. దాని పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్.

కానీ "ఏదో పదార్థం" అంటే సైన్సులో సరిపోదు. పట్టుకుని చూపించాలి. ఆ పని 1953లో ఆమెతో చేరిన స్టాన్లీ కోహెన్ అనే బయోకెమిస్ట్‌ది. ఇక్కడ ఒక తమాషా జరిగింది. తమ పదార్థంలో డీఎన్ఏ లాంటివి కలిసున్నాయేమో చూద్దామని, వాటిని విరగ్గొట్టే ఎంజైమ్ కోసం కోహెన్ పాము విషం కలిపాడు. నరాలు పెరగడం ఆగిపోలేదు సరికదా, ఇంకా ఎక్కువ పెరిగాయి. పాము విషంలోనే ఆ గ్రోత్ ఫ్యాక్టర్ బోలెడు ఉందని తేలింది. విషం ఎక్కడ తయారవుతుంది? పాము లాలాజల గ్రంథి లాంటి దాంట్లో. మరి ఎలుక లాలాజల గ్రంథిలో కూడా ఉంటుందా? చూశాడు, ఉంది. ముఖ్యంగా మగ ఎలుకల్లో.

ఆ గ్రంథి రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కిస్తే ఇంకో వింత కనిపించింది. మామూలుగా ఎలుక పిల్లలు రెండు వారాలకి కళ్లు తెరుస్తాయి. ఇవి వారానికే తెరిచేశాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. నరాల గ్రోత్ ఫ్యాక్టర్‌కీ కంటి రెప్పలకీ ఏం సంబంధం? మనమైతే బగ్ అనుకుని టికెట్ క్లోజ్ చేసేవాళ్లం. కోహెన్ వదల్లేదు. ఈ రసంలో రెండో పదార్థం ఉందని అనుమానించి, నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి మారాక 1962లో దాన్ని విడదీశాడు. అదే ఎపిడర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, షార్ట్‌గా ఈజీఎఫ్. 1972లో దాని వరస మొత్తం చదివేశారు, 53 అమైనో ఆమ్లాలు.

సో, మెసేజ్ దొరికింది. మరి దాన్ని అందుకునే రిసెప్టర్? అదే కష్టం. ఈజీఎఫ్ చిన్నది, నీళ్లలో కరుగుతుంది. రిసెప్టర్ పెద్దది, కణం గోడలో ఇరుక్కుని ఉంటుంది, పైగా మామూలు కణం మీద చాలా కొద్దిగా ఉంటుంది. 1975లో కోహెన్, గ్రాహమ్ కార్పెంటర్ కలిసి మనిషి కణాల మీద ఈజీఎఫ్ అతుక్కునే చోటు ఉందని చూపించారు. చోటు ఉందని తెలిసింది, వస్తువు చేతికి రాలేదు.

దాన్ని చేతికి తెచ్చింది ఒక పెద్దావిడ. ఆమె సైంటిస్టు కాదు, పేషెంటు. 85 ఏళ్ల ఆవిడ ట్యూమర్ నుంచి 1970ల మొదట్లో ల్యాబులో పెంచిన కణాలు, వాటి పేరు ఏ431. ఒక్కో కణం మీద ఇరవై లక్షలకి పైగా ఈజీఎఫ్ రిసెప్టర్లు ఉన్నాయి. మామూలు కణంతో పోలిస్తే ఇది కుంభవృష్టి. ఈ కణాల పుణ్యమా అని 1978 నుంచి రెండు మూడేళ్లలో కథ ముందుకి దూకింది. ఈజీఎఫ్ బయట అతుక్కోగానే, రిసెప్టర్ లోపలి భాగం ఇతర ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్ అంటిస్తోందని తేలింది. అంటే గంట మోగేది అలాగ. బెల్లు స్విచ్చు, వైరు, గంట మూడూ ఒకే ప్రోటీన్ అని అర్థమైంది. ఇంతటి విషయం మనకి అందించిన ఆ పెద్దావిడ పేరు ఏ పేపర్‌లోనూ లేదు. ఒక నంబర్ మాత్రం ఉంది.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. అప్పటిదాకా జరిగిందంతా దొరికిన దాని మీద ఆధారపడింది. ఎలుక గ్రంథి దొరికింది, పాము విషం దొరికింది, ఒక పెద్దావిడ ట్యూమర్ దొరికింది. దొరక్కపోతే? ఆగిపోవాల్సిందే. మన భాషలో చెప్పాలంటే, సోర్స్ కోడ్ లేదు. రన్ అవుతున్న ప్రోగ్రామ్‌ని బయటి నుంచి చూసి ఊహించుకోవడమే.

సోర్స్ కోడ్ వైపు దారి కాలిఫోర్నియాలో మొదలైంది. 1973లో ఒక జీవి డీఎన్ఏ ముక్కని కత్తిరించి బ్యాక్టీరియాలో పెట్టి కాపీలు తీయడం సాధ్యమని చూపించారు. చేసింది హెర్బర్ట్ బోయర్, స్టాన్లీ కోహెన్. ఆగండి, కన్‌ఫ్యూజ్ అవ్వకండి, ఈ స్టాన్లీ కోహెన్ వేరే ఆయన! ఈయన స్టాన్‌ఫర్డ్ కోహెన్, ఎలుక పిల్లల ఆయన వాండర్‌బిల్ట్ కోహెన్. నేను కూడా మొదట్లో ఇద్దరూ ఒకరే అనుకుని స్క్రిప్టు సగం రాసి చింపేశా. ఈ పద్ధతినే రీకాంబినెంట్ డీఎన్ఏ అంటారు. రీకాంబినెంట్ అంటే మళ్లీ కలిపి కుట్టినది, అంతే. బోయర్ 1976లో జెనెంటెక్ అనే కంపెనీ పెట్టడంలో భాగమయ్యాడు. 1978లో బ్యాక్టీరియాతో మనిషి ఇన్సులిన్ చేయించారు. 1982లో అది మందుగా అమ్మకానికి అనుమతి పొందింది.

ఇప్పుడు నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా నచ్చే సీన్. లండన్. ఇంపీరియల్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ ల్యాబు. మైకేల్ వాటర్‌ఫీల్డ్ టీమ్, అందులో జూలియన్ డౌన్‌వర్డ్ అనే పీహెచ్‌డీ కుర్రాడు. ఏ431 కణాల నుంచీ, మనిషి మాయ నుంచీ రిసెప్టర్‌ని శుద్ధి చేసి, దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో అక్షరాల వరస చదివారు. ఆ వరసల్ని అప్పటికి తెలిసిన ప్రోటీన్ల వరసలతో పోల్చి చూశారు. స్ట్రింగ్ మ్యాచింగ్! మనం రోజూ కంట్రోల్ ఎఫ్ కొట్టినట్టే. ఆరు ముక్కలు ఒకే దానితో దాదాపు పూర్తిగా సరిపోయాయి. దేనితో అనుకుంటున్నారు? కోళ్లకి రక్త క్యాన్సర్ తెప్పించే ఒక వైరస్ ప్రోటీన్‌తో. దాని పేరు ఎర్బ్‌బీ.

1984 ఫిబ్రవరిలో ఈ పేపర్ వచ్చింది. దీని అర్థం ఏంటంటే, ఎప్పుడో ఆ వైరస్ ఒక కోడి కణంలోంచి రిసెప్టర్ జీన్‌ని దొంగిలించింది, కానీ పూర్తిగా కాదు. బయటి భాగాన్ని వదిలేసి, గోడలో ముక్కనీ లోపలి భాగాన్నీ ఎత్తుకెళ్లింది. స్విచ్ లేని గంట. ఎవరూ నొక్కకుండానే మోగుతూ ఉంటుంది. కణం ఆగకుండా పెరుగుతుంది. క్యాన్సర్ అంటే బయటి నుంచి వచ్చిన భూతం కాదు, మన సొంత ప్రోగ్రామ్‌లోనే ఆగని లూప్ అని అంత స్పష్టంగా చూపించిన పేపర్లలో ఇది ఒకటి.

అదే ఏడాది, జెనెంటెక్‌లో పనిచేసే ఆక్సెల్ ఉల్‌రిచ్ అనే జర్మన్ సైంటిస్టు, వాటర్‌ఫీల్డ్ వాళ్లతో కలిసి ఈజీఎఫ్ రిసెప్టర్ జీన్ వరస మొత్తం చదివేశాడు. 1186 అమైనో ఆమ్లాలు. బయట 621, గోడలో 23, లోపల 542. చివరికి సోర్స్ కోడ్ చేతికొచ్చింది. ఒక జీన్ కోడ్ తెలిస్తే, దానిలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని వెతకొచ్చు. ఉల్‌రిచ్ వెతికాడు. ఒకటి దొరికింది. మనిషి ఈజీఎఫ్ రిసెప్టర్ లాంటి రెండోది కాబట్టి హ్యూమన్ ఈజీఎఫ్ రిసెప్టర్ 2, అంటే హెర్2. 17వ క్రోమోజోమ్ మీద ఉంది. 1985లో ప్రకటించారు.

మరి రిపోర్టులో ఆ గీత పక్కన ఉన్న న్యూ? నేను దాన్ని ఇంగ్లీషు న్యూ అనుకున్నా, కొత్త రకం టెస్టు కాబోలు అని. కాదు. అది న్యూరోబ్లాస్టోమాలోని న్యూ. బోస్టన్ దగ్గర ఎంఐటీలో రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబు. అక్కడ మన దేశం నుంచి వెళ్లిన లక్ష్మీ చరణ్ పాఢి అనే పరిశోధకుడు ఉండేవారు. ఎలుకల నరాల ట్యూమర్ నుంచి తీసిన డీఎన్ఏ మామూలు కణాల్ని క్యాన్సర్ కణాలుగా మార్చేస్తుంటే, ఆ కణాల్లో ఒక కొత్త ప్రోటీన్ కనిపిస్తోందని 1982లో ఆయన, ఆయన తోటివాళ్లు చూపించారు. ఆ జీన్‌కి న్యూ అని పేరు పెట్టారు. తర్వాత చూస్తే ఎలుకలో న్యూ, మనిషిలో హెర్2, రెండూ ఒకటే. బోస్టన్‌లో ఒక పేరు, కాలిఫోర్నియాలో ఒక పేరు. ఖమ్మంలో మా పెద్దమ్మ రిపోర్టులో వాటి మధ్య ఒక చిన్న గీత.

ఈ న్యూ ప్రోటీన్ కణం గోడ బయటికి తల పెట్టి ఉంటుంది. బయట ఉందంటే పట్టుకోవచ్చు. 1985లో జెఫ్రీ డ్రెబిన్, మార్క్ గ్రీన్ వాళ్లు, వైన్‌బర్గ్‌తో కలిసి, ఎలుక న్యూ ప్రోటీన్‌కి అతుక్కునే యాంటీబాడీ తయారు చేసి కణాలకి ఇచ్చి చూశారు. క్యాన్సర్ కణాలు మళ్లీ మామూలు కణాల్లా ప్రవర్తించాయి. ఇది డిష్‌లో. మనుషుల్లో ఇది పనికొస్తుందా అంటే, ముందు మనుషుల క్యాన్సర్‌లో ఈ ప్రోటీన్‌కి పాత్ర ఉండాలి కదా.

1986లో ఉల్‌రిచ్ లాస్ ఏంజెలిస్ వెళ్లి యూసీఎల్ఏలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. వింటున్న వాళ్లలో డెనిస్ స్లామన్ అనే క్యాన్సర్ డాక్టరు ఉన్నాడు. ఆయన ఫ్రీజర్లో పేషెంట్ల ట్యూమర్ ముక్కలు దాచి ఉన్నాయి. ఒకరి దగ్గర జీన్ ఉంది, ఇంకొకరి దగ్గర ట్యూమర్లు ఉన్నాయి. కలిపి చూశారు. 1987 జనవరిలో ఫలితం వచ్చింది. 189 రొమ్ము క్యాన్సర్ ట్యూమర్లలో దాదాపు 30 శాతంలో హెర్2 జీన్ కాపీలు మామూలు కంటే ఎక్కువ ఉన్నాయి. రెండు రెట్ల నుంచి ఇరవై రెట్ల పైదాకా. ఆ కాపీలు ఎక్కువ ఉన్న ఆడవాళ్లకి జబ్బు త్వరగా తిరగబెట్టింది, త్వరగా చనిపోయారు.

చూశారా, ఇదే నేను మొదట్లో చెప్పిన 1987. ఆ రోజు మా పెద్దమ్మ రిపోర్టు ఇస్తే డాక్టరు గారు తల వంచుకునేవారు. కారణం తెలుసు, చేసేదేమీ లేదు. ఇక్కడ జీన్ విరిగిపోలేదు, కోడ్‌లో తప్పు లేదు. సరైన కోడే, కాకపోతే ఇరవై కాపీలు. గోడ నిండా కాలింగ్ బెల్లులు, ఒకదానికొకటి తగిలి వాటంతట అవే మోగుతున్నాయి.

ఇక ఇక్కడి నుంచి రీకాంబినెంట్ పని మొదలవుతుంది. కోడ్ ఉంది కాబట్టి, ట్యూమర్ దొరికేదాకా ఆగక్కర్లేదు. జెనెంటెక్ వాళ్లు హెర్2 జీన్‌ని తీసుకెళ్లి ఎలుక కణాల్లో పెట్టారు. ఎక్కువ పెడితే ఆ కణాలు క్యాన్సర్‌లా మారాయి. అంటే హెర్2 సాక్షి కాదు, దోషి. ఆ కణాల్నే ఎలుకలకి ఎక్కించి, వాటి ఒంట్లో హెర్2కి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టించారు. వాటిలో ఒకటి 4డీ5. 1989లో చూపించారు, హెర్2 ఎక్కువ ఉన్న కణాల పెరుగుదలని అది అణిచేస్తోంది, తక్కువ ఉన్న వాటి జోలికి పెద్దగా పోవట్లేదు.

దీనితో పాటు ఇంకో పని చేశారు, అదే ఈ ఎపిసోడ్‌లో అసలు హీరో. స్క్రీన్ మీద చిన్న గాజు సీసా ఫొటో చూడండి. అడుగున కనీకనిపించని తెల్లటి పొడి. లేబుల్ మీద రీకాంబినెంట్ హ్యూమన్ హెర్2 అని, కింద పరిశోధనకి మాత్రమే అని ఉంటుంది. హెర్2 మొత్తం 1255 అమైనో ఆమ్లాలు. దాంట్లో గోడలో ముక్కనీ లోపలి భాగాన్నీ కోడ్‌లోనే కత్తిరించేస్తారు. బయటి భాగం మాత్రమే ఉంచుతారు, 600 చిల్లర. గోడకి కట్టేసే తాడు లేదు కాబట్టి, కణం దాన్ని తయారు చేసి బయటికి, తాను పెరిగే ద్రవంలోకి వదిలేస్తుంది. వైరస్ బయటి భాగాన్ని వదిలేసి లోపలిది ఎత్తుకెళ్లింది కదా, ఇక్కడ సైంటిస్టులు సరిగ్గా దానికి ఉల్టా చేశారు.

దీన్ని బ్యాక్టీరియాలో ఎందుకు చెయ్యరు, ఇన్సులిన్ చేసినట్టు? ఎందుకంటే ఈ ప్రోటీన్ మడత చాలా చిక్కు. లోపల లోపల గంధకపు ముడులు బోలెడు, పైన చక్కెర గొలుసులు అంటించాలి. మామూలు బ్యాక్టీరియాకి ఆ పనితనం లేదు. అందుకే చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న ఎలుక జాతి జంతువు అండాశయం నుంచి తీసిన కణాల్ని వాడతారు. 1957లో థియోడర్ పక్ అనే ఆయన పెంచడం మొదలుపెట్టిన కణాలు అవి. ఇప్పటికీ ప్రపంచమంతా మందుల ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నాయి. మనిషి కణాల్లో కూడా చేస్తారు. ప్రోటీన్ చివర సాధారణంగా ఆరు హిస్టిడిన్లు వరసగా తగిలిస్తారు, ఒక హ్యాండిల్‌లాగా. హిస్టిడిన్‌కి నికెల్ అంటే ఇష్టం. ద్రవాన్ని నికెల్ ఉన్న గొట్టంలోంచి పోస్తే వేల రకాల ప్రోటీన్లలో ఇదొక్కటే అతుక్కుంటుంది, మిగతావి కారిపోతాయి. తర్వాత కడిగి దించుకుంటారు, చల్లబరిచి ఎండబెట్టి సీసాలో పెడతారు.

ఈ పొడి మందు కాదు. ఎవరికీ ఎక్కించరు. మరి ఎందుకంటారా? ప్రశ్నలు అడగడానికి. ప్లేటు అడుగున దీన్ని అంటించి, పైన ఏ యాంటీబాడీ పోసినా అది హెర్2ని పట్టుకుంటోందా లేదా, ఎంత గట్టిగా పట్టుకుంటోందో కొలవచ్చు. మనం సర్వర్ మొత్తం లేకుండా ఒక్క ఫంక్షన్‌ని విడిగా టెస్ట్ చేస్తాం చూడండి, అలాంటిది.

4డీ5 ఎలుక యాంటీబాడీ. మనిషికి ఎక్కిస్తే ఒళ్లు దాన్ని శత్రువు అనుకుని తరిమేస్తుంది. 1992లో జెనెంటెక్‌లో పాల్ కార్టర్ టీమ్, హెర్2ని పట్టుకునే వేళ్ల లాంటి ముక్కలు మాత్రం ఎలుకవి ఉంచి, మిగతా చెయ్యంతా మనిషి యాంటీబాడీది పెట్టారు. ఇలాంటి మార్పు చేసినప్పుడు పట్టు జారుతుంది. ఒక్కో అక్షరం మార్చి, హెర్2 బయటి భాగం మీద పట్టు ఎంత ఉందో కొలిచి, మళ్లీ మార్చి, చివరికి కుదిర్చారు. కొలవడానికి చేతిలో శుద్ధమైన హెర్2 లేకపోతే ఈ పని జరిగేది కాదు. దాని పేరు ట్రాస్టుజుమాబ్.

2001లో వచ్చిన పెద్ద ట్రయల్ ఫలితంలో, జబ్బు ఒళ్లంతా పాకిన 469 మంది ఆడవాళ్లలో, కీమో మాత్రమే తీసుకున్న వాళ్లు మధ్యస్థంగా 20.3 నెలలు బతికితే, ఈ మందు కూడా తీసుకున్న వాళ్లు 25.1 నెలలు బతికారు. ఐదు నెలలేనా అనిపిస్తుందా? నాకూ అనిపించింది. కానీ అది చివరి దశ వాళ్లలో. తర్వాత జబ్బు తొలి దశల్లోనే ఇవ్వడం మొదలుపెట్టాక, అది తిరగబెట్టడం బాగా తగ్గింది. అమెరికాలో అనుమతి మాత్రం ఆ ట్రయల్ తొలి ఫలితాలతోనే, 1998 సెప్టెంబర్‌లో వచ్చింది. ఆ రోజు నుంచి రిపోర్టులో 3 ప్లస్ అంటే అర్థం మారింది. జబ్బు మొండిదే, కానీ దాన్ని పట్టుకునే పిడి దొరికింది.

దోషం కూడా చెప్పాలి కదా. గుండె కండరంలో కూడా హెర్2కి పని ఉంది. అందుకే ఈ మందు కొంతమందిలో గుండెని బలహీనం చేస్తుంది, మధ్య మధ్యలో ఎకో తీస్తుంటారు. పెద్దమ్మ ప్రతిసారీ "రొమ్ముకి మందిచ్చి గుండె చూస్తారేంట్రా" అనేది. కారణం ఇదీ.

2003లో ఇదే రీకాంబినెంట్ హెర్2ని స్ఫటికం చేసి ఎక్స్‌రేతో దాని ఆకారం చూశారు. జాన్స్ హాప్‌కిన్స్‌లో డేనియల్ లీహీ టీమ్. ఈజీఎఫ్ రిసెప్టర్ మామూలుగా ముడుచుకుని ఉంటుంది, ఈజీఎఫ్ వచ్చినప్పుడే తెరుచుకుంటుంది. హెర్2 మాత్రం ఎప్పుడూ తెరిచిన చేతులతోనే ఉంది. ఏ మెసేజ్ రాకుండానే పక్క రిసెప్టర్ చెయ్యి పట్టుకోవడానికి రెడీ. ఇన్నేళ్లు వెతికినా హెర్2కి సొంత గ్రోత్ ఫ్యాక్టర్ దొరకలేదు. ఎక్కువ కాపీలు ఉంటే చాలు ఎందుకు ప్రమాదమో అప్పుడు కంటికి కనిపించింది.

ఇక మన దగ్గరికి వద్దాం. రీకాంబినెంట్ ప్రోటీన్ చెయ్యడం మనకి కొత్త కాదు. 1997లోనే హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్, ఈస్ట్ కణాలతో హెపటైటిస్ బీ వ్యాక్సిన్ తయారు చేసి మార్కెట్లోకి తెచ్చింది. ట్రాస్టుజుమాబ్ విషయానికొస్తే, 2014లో బెంగళూరు బయోకాన్ మన దేశంలో దాని బయోసిమిలర్ విడుదల చేసింది. 2017 డిసెంబర్‌లో బయోకాన్, మైలాన్ కలిసి చేసిన దానికి అమెరికా కూడా అనుమతి ఇచ్చింది. అక్కడ అనుమతి వచ్చిన మొదటి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ అదే. మరి మా మందు అసలు దానిలాగే ఉంది అని ఎలా నిరూపిస్తారు? చేసే పరీక్షల్లో ఒకటి ఏంటంటే, ఆ చిన్న సీసాలో ఉండే లాంటి హెర్2 మీద పట్టు ఎంతో కొలిచి పక్కపక్కన పెట్టడం. ఒకటికి నాలుగు కంపెనీలు చేస్తున్నాయి కాబట్టే ధర దిగింది. ధర దిగింది కాబట్టే ఆ మందు మా ఇంటిదాకా వచ్చింది.

1986లో రీటా లెవీ మోంటాల్చీనికీ, వాండర్‌బిల్ట్ స్టాన్లీ కోహెన్‌కీ నోబెల్ వచ్చింది. ఆ ఏడాదే ఉల్‌రిచ్, స్లామన్ పని మొదలైంది. బెడ్‌రూమ్‌లో కోడి పిండాలు చూసిన రీటాకి గానీ, ఎలుక పిల్ల కళ్లు చూసిన కోహెన్‌కి గానీ రొమ్ము క్యాన్సర్ మందు ఆలోచనే లేదు. మరి పాఢి గారి ప్రోటీన్, ఆ పేరు లేని పెద్దావిడ కణాలు, అవీ అంతే. ఒకరి తర్వాత ఒకరు ఒక్కో ముక్క పెట్టారు. కానీ దొరికిన దాని కోసం ఎదురుచూసే రోజులు పోయి, కావాల్సిన ప్రోటీన్‌ని మనమే తయారు చేసుకునే రోజు వచ్చాకే ఆ లైను అర్థం మారింది. నాకు అర్థమైనంతలో ఈ చరిత్రలో మలుపు అదే.

పెద్దమ్మ ఆపరేషన్ అయింది, కీమో అయింది, మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది పాటు ఈ మందూ అయింది. ఇప్పుడు చెకప్‌లకి వెళ్తోంది. మొన్న సంక్రాంతికి వెళ్తే అరిసెలు వేస్తూ, "ఒరేయ్, నా స్టేజి ఎంతన్నావురా?" అని అందరి ముందూ అడిగింది. ఇంకో పదేళ్లు ఇలాగే అడుగుతుంది. అడగాలి కూడా.

చివరిగా ఒక్క మాట. గడ్డ బయాప్సీ తీశాక హెర్2 టెస్టు చేశారా లేదా అని అడగండి. 2 ప్లస్ వస్తే అది మధ్యస్థం, జీన్ కాపీలు లెక్కపెట్టే ఇంకో టెస్టు ఉంటుంది, అదీ అడగండి. టెస్టు చెయ్యకపోతే, పనిచేసే మందు ఉన్నా మనకి తెలీదు. ఇక ఎవరైనా వాట్సాప్‌లో రిపోర్టు పంపి చూసి చెప్పమంటే, తెలీకపోతే "తెలీదు అన్నయ్యా, పొద్దున్నే డాక్టరు గారిని అడుగుదాం" అనండి. ఆ రాత్రి నేను అనాల్సింది అదే. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.